మొదటి ధర

“పప్పులో ఉప్పు మరిసిపోయినా పరవాలేదు గానీ నూకాలూ, సీటీ మాత్రం మరిసిపోకు” అన్నాడు వెంకటరావు సైకిలెక్కుతూ.

వర్క్‌షాపు సైరన్ అప్పటికే ఒకసారి కూసింది. బెంగాల్లోని ఆ రైల్వే ఊళ్ళో, పూరీ గేట్ దగ్గరి క్వార్టర్లలోంచి సైకిళ్ళు బారులు తీరి పోతున్నాయి. నూకాలమ్మ అతనిచ్చిన చీటీని మడిచి జాకెట్లో దోపుకుని, వంకాయలు తరగడానికి కూర్చుంది. చైనా యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం అది. వెంకటరావు వర్క్‌షాపులో చార్జ్‌మన్, కొందరు పనివాళ్ళ మీద అజమాయిషీ. జీతం బాగానే వచ్చేది. కానీ తనతో పనిచేసే ఒక బెంగాలీ బాబు దగ్గర అతనికి షేర్ల పిచ్చి అంటుకుంది. గట్టి కంపెనీల షేర్లు కాదు. అవి కొని దాచుకునేవాళ్ళు వేరు. ఇతను కొనేవి గాలివాటం షేర్లు. ఒక పుకారు పుడితే ఎగురుతాయి, ఇంకో పుకారు పుడితే కూలబడతాయి.

కలకత్తాలో షేర్ బజారు తెరిచేది మధ్యాహ్నం. ఆ వేళకి వెంకటరావు షాపులో చక్రాల మధ్య ఉంటాడు. బయటికి రాలేడు. గోల్ బజార్లో గడియారాల కొట్టు పైన ఘోష్ బాబు అనే ముసలాయన గది ఉంది. ఆయన కుర్రతనంలో కలకత్తా షేర్ బజార్లో గుమస్తా. ఇప్పుడు సొంత ఊళ్ళో టెలిఫోను పెట్టుకుని, ఇక్కడివాళ్ళ ఆర్డర్లు కలకత్తాకి చెప్పి, కమీషన్ తీసుకుంటాడు. బజారు తెరిచినప్పుడొకసారి, మూసేముందొకసారి అక్కణ్ణుంచి ఫోను వస్తుంది.

“నిన్న మూసిన ధర పేపర్లో ఉంటాది. ఇవాళ తెరిసిన ధర ఫోన్లో వస్తాది. రెండిటికీ మద్దిన ఓ గేప్ ఉంటాది సూడు, డబ్బంతా అందులోనే ఉంటాది” అని మొదటిరోజు భార్యకి చెప్పాడు వెంకటరావు. “నిన్నటికన్నా ఎగిరి తెరిస్తే అప్పుడే పట్టుకోవాల. సాయంత్రం నేనొచ్చేదాకా ఆగదది. నువ్వెలాగూ నాకు క్యారేజీ తెస్తావు గదా. అట్నించి అటు ఓ అడుగెయ్యి.”

ఆ ఓ అడుగు వర్క్‌షాపు గేటు నుంచి గోల్ బజార్ దాకా. రావడానికి మళ్ళీ అంతే. ఇంటికొచ్చేసరికి పిల్లలు బడినుంచి వచ్చి ఆకలని కూర్చునేవాళ్ళు. నానబెట్టిన పప్పు రుబ్బాలి, కుళాయి కట్టేలోపు నీళ్ళు పట్టాలి, ఆరిన బట్టలు తియ్యాలి. అత్త జోగమ్మ వాకిట్లో పీట వేసుకుని, “బజారుకి ఎల్లినదానివి బజార్లోనే కాపురం పెట్టేసినావేటి?” అనేది. ఆ పని తన కొడుకుదేనని ఆమెకి తెలుసు. అయినా అనేది కోడల్నే. నూకాలమ్మకి మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఆమెకే నవ్వొచ్చేది. ఎందుకంటే, అలా అంటూనే ముసలమ్మ అప్పటికి పప్పు సగం రుబ్బేసి ఉండేది.

ఘోష్ బాబు గదిలో మగవాళ్ళందరూ పరుపు మీద కూర్చునేవాళ్ళు. నూకాలమ్మ మెట్ల పక్కన నిలబడేది. ఫోను మోగగానే ఘోష్ బాబు ధరలు అరిచేవాడు. గదిలో ఒక్కసారి గోల లేచేది. ఎగిరి తెరిచిన షేరు కోసం చేతులన్నీ పైకి లేచేవి. ఆమె చీటీ అందించేది. ఆయన చదివి ఫోన్లో చెప్పేవాడు. మొదట్లో కొన్ని వారాలు అంతే. చేతిలో కాగితం ఉన్నంతవరకు ఆమెకి ఆలోచించే అవసరం లేదు. కానీ నిలబడి చూస్తున్న మనిషికి కళ్ళు మూసుకుపోవు కదా. ఎగిరి తెరిచిన ధర రెండో ఫోను వచ్చేసరికి తరచు కిందికి జారేది. ఎగిరినప్పుడు కొన్నవాళ్ళు మొహాలు వేలాడేసుకుని మెట్లు దిగేవాళ్ళు. మర్నాడు మళ్ళీ వాళ్ళే చేతులెత్తేవాళ్ళు.

నూకాలమ్మకి అది కొత్తగా అనిపించలేదు. గోల్ బజార్లో పొద్దున్నే బుట్టలు రైలు దిగగానే ఇలిస చేప ధర ఇలాగే ఎగురుతుంది. ఆఫీసర్ల బంగళా వంటవాళ్ళు, క్లబ్బు బట్లర్లు వచ్చి, ఇంకెవరు ఎత్తుకుపోతారోనని బేరమాడకుండా కొంటారు. వాళ్ళు పోయాక చూస్తే అదే చేప, అదే బుట్ట. ధర మాత్రం చల్లబడి కూర్చుంటుంది. ఆమె ఎప్పుడూ అప్పుడే కొనేది. మనిషి కూడా అంతేననుకునేది. రాత్రి మాటా మాటా అనుకుని పడుకుంటే, పొద్దున్న లేవగానే వెంకటరావు నోట వచ్చే మొదటి మాట అతని అసలు మాట కాదు. టీ తాగాక వచ్చేది అసలు మాట. రాత్రంతా జనం పడ్డ ఆశా బెంగా బజారు తెరవగానే ఒక్క ధరలో బయటపడతాయి. దాన్ని పట్టుకుని ఊగడమెందుకు? అది కాస్త టీ తాగేదాకా ఆగకూడదా? ఇంత చిన్న సంగతి ఈ పరుపు మీద కూర్చున్నవాళ్ళకి ఎందుకు తట్టదని ఆలోచించింది. వాళ్ళు ఇంట్లో ఏనాడూ ఎవరి కోపం చల్లారేదాకా ఆగాల్సిన పని లేదు కదా అనిపించింది. ఆగడం తన పని. అన్నం ఉడికేదాకా ఆగడం, అత్త మాట అయ్యేదాకా ఆగడం, మగవాళ్ళు తిని లేచేదాకా ఆగడం. అందులో తనకొక నేర్పు వచ్చిందని ఇన్నాళ్ళూ ఆమెకే తెలియలేదు.

ఒకరోజు చీటీలో ఒక బొగ్గు కంపెనీ పేరుంది. ఎగిరి తెరిస్తే వెంటనే కొనమని రాసి ఉంది. ఎగిరే తెరిచింది. ఘోష్ బాబు చెయ్యి చాపాడు. “బౌదీ, ఆర్డర్?” అన్నాడు. బౌదీ అంటే వదిన.

“కాస్త ఆగుదాం దాదా” అంది నూకాలమ్మ. చీటీ మళ్ళీ మడిచి జాకెట్లో దోపుకుంది.

రెండో ఫోను వచ్చేసరికి ధర నిన్నటికన్నా కిందికి దిగింది. అప్పుడు కొనమంది. ఘోష్ బాబు కళ్ళజోడు పైనుంచి ఆమెను ఒకసారి చూసి, ఫోన్లో చెప్పాడు. ఆ వారంలోనే ఆ షేరు పెరిగింది.

అది పెరిగిందని తెలిసిన సాయంత్రం వెంకటరావు జిలేబీ పొట్లంతో వచ్చాడు. తల్లి నోట్లో ఒకటి పెట్టాడు, భార్య నోట్లో ఒకటి పెట్టాడు. “సూసినావా నా లెక్క? నువ్వు కాస్త ఆలీసంగా ఎల్లినట్టున్నావు, అదీ కలిసొచ్చినాది. నీ సెయ్యి మంచిదే నూకాలూ.” ఆలీసం కాదు మావా, నేనే ఆగినాను అని చెప్పబోయింది. నోటినిండా జిలేబీ. నమిలి మింగేసరికి అతను పిల్లల్ని రెండు భుజాల మీదా ఎక్కించుకుని వాకిట్లో తిరుగుతున్నాడు. ఆ సంతోషం చూస్తే ఆమెకి ముచ్చటేసింది. అతని నుంచి దాన్ని లాక్కోవడం ఎందుకు, తర్వాత చెబుదాంలే అనుకుంది. ఆ తర్వాత అనేది రాలేదు. ఆమె చీటీ పట్టుకెళ్ళేది, చీటీ పక్కన పెట్టి ఆలోచించేది, లాభమొస్తే అతను జిలేబీ తెచ్చేవాడు.

ప్రతిసారీ ఆమెదే ఒప్పు కాలేదు. ఒకసారి తేయాకు షేరు ఎగిరి తెరిచింది. ఆగింది. అది మళ్ళీ దిగలేదు. అస్సాంలో వానలకి తోటలు మునిగాయట, ఉన్న ఆకుకి గిరాకీ పెరిగిందట. అది పుకారు కాదు, నిజం. ఆ రోజు చీటీయే ఒప్పు. “నేనెల్లేసరికి ఆలీసమైపోయినాది” అని అబద్ధమాడింది. అతను కోప్పడి ఉంటే బాగుండేది. “పోనీలే, ఎండలో నడిసొచ్చినావు” అని కుండలోంచి నీళ్ళు ముంచి ఇచ్చాడు. ఆమె సగం తాగి గ్లాసు కింద పెట్టేసింది. అప్పట్నుంచి ధర ఎందుకు ఎగిరిందని ఘోష్ బాబుని అడగడం మొదలుపెట్టింది. ఆయన బెంగాలీ పేపరు చదివి వివరంగా చెప్పేవాడు. తనని ఒక మనిషి కూర్చోబెట్టి వివరంగా చెప్పడం ఆమెకి వింతగా ఉండేది.

ఏడాది తిరిగేసరికి వెంకటరావుకి క్వార్టర్లలో పేరొచ్చింది. ఆదివారం మధ్యాహ్నాలు అతని వరండాలో జనం చేరేవాళ్ళు. అతను గేప్ గురించి చెప్పేవాడు. నూకాలమ్మ టీ పెట్టేది. “వెంకటరావుది లెక్కంటే లెక్క” అని వాళ్ళనుకునే మాట వంటింట్లోకి వినబడేది. టీ బావుందని ఒక్కోసారి ఎవరైనా అనేవాళ్ళు.

ఒక ఆదివారం పక్క క్వార్టర్ సుందర్ రాజు కూడా వచ్చి కూర్చున్నాడు. అతను గూడ్సు గార్డు. భార్య రూతు రైల్వే ఆసుపత్రిలో నర్సు. రూతు వంటింట్లోకొచ్చి, అడక్కుండానే గ్లాసులు కడగడం మొదలుపెట్టింది.

“రేపు సోనాఝురి జూట్ కంపెనీ షేరంట గదా అక్కా” అంది రూతు. “గోనె సంచులకి పెద్ద ఆర్డర్ వస్తాదంట. తెరవగానే ఎగురుతాదంట. మా డబ్బంతా అందులో పెడతన్నారు.”

“ఏ డబ్బు?”

“సుభాష్‌పల్లిలో స్థలం కోసం దాసుకున్నది.”

నూకాలమ్మ టీ వడగట్టడం ఆపింది. ఆ డబ్బు ఎక్కడిదో ఆమెకి తెలుసు. రూతు రాత్రి డ్యూటీలు చేసి, పొద్దున్నే వచ్చి వంట చేసి, కూర్చున్నచోటే కునుకు తీసి కూడబెట్టింది. జీతం కవరు విప్పకుండా మొగుడి చేతిలో పెట్టేది.

“నీకిష్టమేనా రూతూ?”

“నన్నెవరు అడిగినారు?” అని నవ్వింది రూతు. “కానీ మీ ఆయన లెక్క తప్పదు గదా. మీ ఇల్లు సూసే నేనూ ధైర్యం సేసినాను అక్కా.”

నా ఇల్లు చూసి. ఆ మాట నూకాలమ్మకి ఎక్కడో తగిలింది. ఇన్నాళ్ళూ తాను దాచింది మావ సంతోషం కోసమే అనుకుంది. ఇంట్లో నాలుగు గోడల మధ్య అది ముద్దుగానే ఉంది. భార్య ఆలోచన మొగుడి పేరు మీద చలామణీ అయితే ఏం పోయింది, ఇద్దరిదీ ఒకటే పొయ్యి కదా అనుకుంది. కానీ ఆ అబద్ధం గోడ దాటి పక్కింటి ఆడదాని కష్టం దగ్గరికి వెళ్ళింది. వెంకటరావు వాళ్ళకి చెబుతున్నది మోసం కాదు. అతను నిజంగానే నమ్ముతున్నాడు. ఎగిరినదాన్ని పట్టుకోవడమే తన విద్య అనుకుంటున్నాడు. మధ్యలో ఒక మనిషి మెట్ల పక్కన నిలబడి ఆగుతోందని, ఆ ఆగడమే లాభమని అతనికి తెలియదు. తెలియనివ్వలేదు. తాను నోరు మూసుకుంటే ఇవాళ మావ నవ్వుతాడు, రేపు రూతు ఏడుస్తుంది. నోరు విప్పితే పదిమందిలో మావ తల దించుకుంటాడు. ఏదో ఒకటి జరక్క తప్పదు. టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని వరండాలోకి వచ్చేదాకా ఆమె ఏమనాలో తేల్చుకోలేదు.

“అందులో కష్టమేటి నేదు” అంటున్నాడు వెంకటరావు. “బజారు తెరిసే టయానికి మా నూకాలు అక్కడుంటాది. సీటీ ఇచ్చేస్తాది. వాళ్ళు కొనేస్తారు. అంతే.”

“అంతే కాదు మావా” అంది నూకాలమ్మ.

అందరూ టీ కోసం చేతులు చాపారు. ఆమె పళ్ళెం కింద పెట్టలేదు, గ్లాసులూ అందించలేదు.

“ఆ సీటీల్లో రాసినట్టు నేను సాలాసార్లు సెయ్యనేదు” అంది.

చాపిన చేతులు వెనక్కి పోయాయి. సుందర్ రాజే అడిగాడు. “మరెలా సేసినావమ్మా?”

“ఎగిరి తెరిస్తే ఆగినాను, అన్నా. జనం వేడి తగ్గినాక, ఎందుకెగిరిందో ఘోష్ బాబుని అడిగి, అప్పుడు కొనమన్నాను. కొన్నిసార్లు అసలు కొననేదు. మీకు సెప్పిన లెక్క సగమే. మిగతా సగం నేను సేసినాను.” పళ్ళెం అలాగే పట్టుకుని సుందర్ రాజు వైపు తిరిగింది. “తేయాకు షేరు పోయినాది నా వల్లే. ఆ రోజు ఈయన రాసిందే రైటు. రేపు జూట్ ఏటవుతాదో నాకూ తెలీదు. కానీ తెరవగానే ఎగిరినదాన్ని పట్టుకోవడం లెక్క కాదు. ఆ లెక్క నమ్మి రూతు డబ్బు పెట్టకండి.”

వెంకటరావు ఆమె వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే తట్టుకునేది. రోజూ పడుకునే మంచం ఎవరో పక్కకి జరిపినట్టు, ఎక్కడ కూర్చోవాలో తెలియనివాడిలా చూశాడు. తర్వాత లేచి, సైకిలు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. టీలు చల్లారాయి. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. గుమ్మంలో నిలబడి అంతా విన్న జోగమ్మ, “మొగుడి పరువు వరండాలో ఆరబెట్టినావు గదే” అంది. లోపలికి వెళ్ళిపోయింది.

సోమవారం సోనాఝురి జూట్ ఎగిరే తెరిచింది. మూసేసరికి తెరిచిన ధరకన్నా కిందికొచ్చింది. ఆ వారమంతా ఇంకా దిగింది. ఆర్డర్ మాట ఒట్టి పుకారని తేలింది. సుందర్ రాజు అందులో డబ్బు పెట్టలేదు. ఏమనుకున్నాడో గానీ, మరుసటి నెల జీతం కవరు రూతు చేతిలోనే ఉండిపోయింది. ఆ సంగతి చెప్పడానికొచ్చి, రూతు నూకాలమ్మ చెయ్యి పట్టుకుని చాలాసేపు కూర్చుంది.

వెంకటరావు మాత్రం చీటీలు రాయడం మానేశాడు. అరవలేదు, తిట్టలేదు. పెట్టింది తిన్నాడు. పిల్లలతో మాట్లాడాడు. ఆమెతో “ఊ” అంటే “ఊ”. క్యారేజీ గేటు దగ్గర అందుకునేటప్పుడు వేళ్ళు తగలకుండా అందుకునేవాడు. ఆ వేళ్ళ దగ్గరే ఆమెకి ఎక్కువ బాధ కలిగేది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోవాలని ఒక్కసారి కూడా అనిపించలేదు. అదే ఆమెకి ఆశ్చర్యం.

ఒక సాయంత్రం సైకిలు గొలుసుకి నూనె రాస్తూ, తల ఎత్తకుండానే అడిగాడు. “నాకు ముందే సెప్పొచ్చు గదా?”

“సెప్తే ఇందువా మావా?”

అతను చాలాసేపు గొలుసు తిప్పాడు. వెంకటరావులో ఆమెకి మొదటినుంచీ నచ్చిన గుణం ఒకటుంది. ఆలోచించి అబద్ధమాడడం అతనికి చేతకాదు.

“ఇననేమో” అన్నాడు చివరికి. “ఆడదానికి షేర్లేటని నవ్వేద్దును.” గొలుసు వదిలేసి, “కానీ అందరి ముందూ ఎందుకు సెప్పినావు?” అన్నాడు.

“నా లెక్క, నా లెక్క అని నువ్వు సెప్పుకున్నదీ అందరి ముందే గదా.”

అతను నూనె చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. బుగ్గంతా నల్లగా అయింది. నూకాలమ్మ కొంగుతో తుడిచింది. ఈసారి అతను పక్కకి జరగలేదు.

విశ్వకర్మ పూజ రోజున వర్క్‌షాపుకి సెలవు. ఆకాశం నిండా గాలిపటాలు. పూజయ్యాక, “నేనూ నీతో గోల్ బజార్ వస్తాను పద” అన్నాడు వెంకటరావు. సైకిలు తీస్తే వద్దని, నడిచే వెళ్దామంది ఆమె. సగం దారిలో అతను ఆగి, జేబురుమాలుతో మెడ తుడుచుకుని, “ఇంత దూరమా?” అన్నాడు.

ఘోష్ బాబు గదిలో అతను పరుపు మీద ఒక మూల కూర్చున్నాడు. ఫోను మోగింది. రిసీవరు ఎత్తింది ఘోష్ బాబు కాదు, నూకాలమ్మ. చీటీలు ఆగిపోయినా ఆమె ఆ గదికి రావడం మానలేదు. ఆ మధ్య ఘోష్ బాబుకి చెవి మందగించింది. కలకత్తా లైన్లో గరగరల మధ్య ఒక అంకె తప్పు విని ఒకరికి నష్టం తెచ్చాక, ఫోను ఆమెకే ఇస్తున్నాడు. ఆమె ధరలు గట్టిగా చెబుతూ, గోడమీది పలక మీద సుద్దతో రాసింది. నిన్నటి ధర పక్కన ఇవాళ్టి ధర. ఒక షేరు బాగా ఎగిరి తెరిచింది. చేతులు లేచాయి. అలవాటు చొప్పున వెంకటరావు చెయ్యి కూడా సగం లేచింది. లేచిన చేతిని చూసుకుని, మెల్లగా ఒళ్ళో పెట్టుకున్నాడు. పరుపు మీద ముందు కూర్చున్న బెంగాలీ మేస్త్రీ ఒకాయన, “దీదీ, ఏమంటారు?” అని ఆమెను అడిగాడు. ఆమె ఎందుకు పెరిగిందో తెలిసినంత చెప్పింది. కొనమని గానీ వద్దని గానీ అనలేదు. గదిలో సగంమంది చేతులు దించారు.

తిరిగి వస్తున్నప్పుడు ఇద్దరూ ప్రసాదం పొట్లం చేతులు మార్చుకుంటూ నడిచారు.

“మావా, ఒకటోతారీకు నించి నేనక్కడ పనికి కుదిరినాను” అంది నూకాలమ్మ. “ఫోను, పలక నావి. నెలకింతని జీతం. ఘోష్ బాబుని నేనే అడిగినాను. ఎంతో నేనే సెప్పినాను. ఆడవాళ్ళు కొందరు వస్తామంటన్నారు. వాళ్ళకి పగలల్లా నన్ను అడగడానికి ఈలుగా ఉంటాది. రూతు కూడా కొంచెం పెడతానంది. తొందరేటి నేదు, నిదానంగా.”

“మరి ఇల్లు?”

“అత్తతో మాటాడినాను. మద్దినేల వంట ఆవిడ సూస్తానంది. నీ క్యారేజీ పొద్దున్నే నీతోనే వస్తాది.”

“అమ్మ ఒప్పుకున్నాదా?”

“ఒక షరతు పెట్టినాది. ఆవిడకీ ఒక తేయాకు షేరు కావాలంట.”

వెంకటరావుకి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత వచ్చిన నవ్వు. రోడ్డు పక్కన నిలబడి, పొట్ట పట్టుకుని నవ్వాడు. తర్వాత నవ్వు తగ్గించి, కాస్త బిడియంగా, “మరి నా షేర్లో?” అన్నాడు. “నావి సూడవా?”

“సూస్తాను మావా. కానీ ఊరికే కాదు. నీ ఆర్డర్లు నువ్వే పెట్టుకుంటే కమీషన్ ఘోష్ బాబుకి. నన్ను ఆలోసించి పెట్టమంటే, దానికి వేరే ఇయ్యాల. అందరికీ ఒకటే.”

అతను ఆమె మొహంలోకి చూశాడు. ఆమె నవ్వుతూనే ఉంది గానీ, అన్నది హాస్యానికి కాదని అతనికి అర్థమైంది. పొట్లం ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

“ఎంత?” అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో, ఆమె చేసే పనికి ధర ఎంతని అతను అడగడం అదే మొదటిసారి.